యోహాను నడిచిన దారులు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక్క పేరు గురించి మాట్లాడదామని వచ్చాను. యోహాను. ఇంగ్లీషువాళ్ల నోట అది జాన్. ఫ్రెంచివాళ్లు జాఁ అంటారు, స్పెయిన్‌వాళ్లు హువాన్ అంటారు, ఇటలీవాళ్లు జొవాన్నీ అంటారు. జర్మనీలో యోహాన్, ముద్దుగా హాన్స్. రష్యాలో ఇవాన్, పోలండులో యాన్, హంగరీలో యానోష్, గ్రీసులో యాన్నిస్, ఇథియోపియాలో యోహన్నెస్, ఐర్లండులో షాన్. వినడానికి వేరువేరు మనుషుల్లా ఉన్నారు గానీ అందరిదీ ఒకటే పేరు.

నేను చెప్పదలచుకున్నది చిన్న సంగతే. ఈ పేరును ఒక దేశంలో ఎలా పలుకుతున్నారో చెవిపెట్టి వింటే, అది ఆ దేశానికి ఏ దారిన వచ్చిందో, ఎవరు మోసుకొచ్చారో తెలిసిపోతుంది. ఆ దారుల వెంట నడిచి చివరికి మన గుంటూరు, ఒంగోలు, మెదకు దాకా వద్దాం.

ముందు జెరూసలేం వెళ్దాం. 1968లో ఆ ఊరికి ఉత్తరాన గివాత్ హమివ్తార్ అనే చోట ఇళ్ల కోసం నేల చదును చేస్తుంటే పాత సమాధులు బయటపడ్డాయి. 2,000 ఏళ్ల కిందట అక్కడి యూదులు శవాన్ని రాతి గుహలో పడుకోబెట్టి, మాంసం కరిగిపోయాక ఎముకలు ఏరి చిన్న రాతి పెట్టెలో భద్రం చేసేవారు. అలాంటి పెట్టెల్లో ఒకదాంట్లో మడమ ఎముక ఒకటి దొరికింది. దానికి అడ్డంగా దిగిన ఇనుప మేకు అలాగే ఉంది, సుమారు 11.5 సెంటీమీటర్ల పొడవు. కర్రలోని ముడికి తగిలిందేమో, కొన వంకర తిరిగింది. వంకర తిరిగింది కాబట్టే దాన్ని ఎవరూ ఊడబీకలేకపోయారు, కాబట్టే అది మనదాకా వచ్చింది. రోమన్లు మనుషుల్ని సిలువ వేశారని పుస్తకాల్లో చదవడమే గానీ, సిలువ వేసిన మనిషి ఎముక దొరకడం అదే మొదలు. ఆ పెట్టె మీద గీసిన పేరు యెహోహనన్. అంటే యోహానే.

ఈ మనిషి సువార్తల్లోని యోహాను కాదు. ఆ కాలపు యూదయలో ఎవరో మామూలు మనిషి. నాకు కావలసింది కూడా అదే. ఇవాళ క్రైస్తవుల పేరుగా చెలామణి అవుతున్న ఈ పేరు ఆ రోజుల్లో ప్రతి వీధిలోనూ వినిపించే యూదుల పేరు. యెహోవా కృప చూపాడు అని దాని అర్థం. పాత నిబంధనలో యిర్మీయా గ్రంథం చదివినవాళ్లకు కారేహ కుమారుడైన యోహానాను గుర్తుండే ఉంటాడు. యెరూషలేము బబులోను చేతిలో పడ్డాక మిగిలిన జనాన్ని వెంటబెట్టుకుని ఐగుప్తుకు వెళ్లినవాడు. అదీ ఇదే పేరు.

అంత వాడుకలోకి ఎందుకొచ్చిందంటే, దాని వెనక ఒక తిరుగుబాటు ఉంది. క్రీ.పూ. 167 ప్రాంతంలో గ్రీకు రాజు నాలుగో ఆంటియోకస్ యూదుల మతాచారాలను నిషేధించాడు. మత్తతీయ అనే ఒక పల్లెటూరి యాజకుడు, అతని 5గురు కొడుకులు ఎదురు తిరిగారు. ఆ కొడుకుల పేర్లు వినండి: యోహాను, సీమోను, యూదా, ఎలియాజరు, యోనాతాను. ఆ కుటుంబం గెలిచింది, రాజ్యం ఏలింది. సీమోను కొడుకు యోహాను హిర్కానస్ క్రీ.పూ. 134 నుంచి 104 దాకా పాలించి, ప్రధాన యాజకుడైన యోహాను అని తన పేరు నాణేల మీద వేయించుకున్నాడు. ఆ తర్వాతి తరాల తల్లిదండ్రులు తమ పిల్లలకు ఈ అన్నదమ్ముల పేర్లే పెట్టుకున్నారు. కొత్త నిబంధన చదివేటప్పుడు మనకు తికమక కలుగుతుంది కదా, సీమోనులు ఇంతమంది ఏమిటి, యూదాలు ఇంతమంది ఏమిటి, యోహానులు ఇంతమంది ఏమిటి అని. ఆ తికమకకు మూలం ఇక్కడుంది. రోమన్ల కింద నలుగుతున్న జనం తమ పాత వీరుల పేర్లను ఉయ్యాలల్లో వేసి ఊపుతున్నారు. ఒక తల్లి తన బిడ్డను యోహానూ అని పిలిస్తే అందులో భక్తీ ఉంది, పౌరుషమూ ఉంది.

ఇప్పుడు లూకా సువార్త మొదటి అధ్యాయానికి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగుతాను. పేరు పెట్టడం గురించి ఇంత ఇంటిపట్టు సన్నివేశం బైబిల్లో నాకు మరొకటి కనిపించలేదు.

జెకర్యా, ఎలీసబెతు ముసలి దంపతులు. లేక లేక కొడుకు పుట్టాడు, ఆ బిడ్డే తర్వాత బాప్తిస్మమిచ్చిన యోహాను. 8వ రోజున సున్నతి చేసి పేరు పెట్టడానికి చుట్టాలూ పక్కాలూ దిగారు. వాళ్లంతా ముందే అనేసుకున్నారు, తండ్రి పేరే పెడదామని, జెకర్యా అని. తల్లి ఒప్పుకోలేదు. యోహాను అని పెట్టాలంది. మీ చుట్టాల్లో ఆ పేరుగలవాళ్లు ఒక్కరూ లేరే అన్నారు వాళ్లు. తల్లి మాట చాలక తండ్రిని అడిగారు. బిడ్డ పుడతాడన్న దేవదూత మాట నమ్మనందుకు ఆయనకు అప్పటికి నోట మాట లేదు. సైగలు చేసి అడిగారని రాశాడు లూకా. ఆయన వ్రాతపలక తెప్పించుకుని, వాని పేరు యోహాను అని రాశాడు. ఆ కాలంలో వ్రాతపలక అంటే చెక్కకు మైనం పూసి, దాని మీద పుల్లతో గీసేది. మైనం మీద నాలుగు గీతలు గీయగానే ఆ ఇంట్లో తరతరాల ఆనవాయితీ తెగింది. ఆయన నోరు తెరుచుకుంది.

ఆ తల్లి మొండితనాన్ని గమనించమని మనవి. పేరు తాతది కావాలా, తండ్రిది కావాలా, లేక ఇంటి బయటి నుంచి తెచ్చుకోవచ్చా అన్న తగువు అక్కడ మొదలైంది. ఆ తర్వాత 4 శతాబ్దాల దాకా క్రైస్తవులు ఆ తగువు పడుతూనే ఉన్నారు.

యూదయ దాటగానే ఈ పేరు గ్రీకువాళ్ల నోట పడింది. గ్రీకులో మాట నడుమ హకారం పలకరు. మగవాళ్ల పేరుకు చివర సకారం చేర్చడం వాళ్ల వాడుక. అలా యోహనన్ కాస్తా ఇయోఆన్నెస్ అయ్యాడు. లాటిన్‌లోకి వెళ్లాక హకారం తిరిగి వచ్చి యోహాన్నెస్ అయ్యాడు. యూరప్‌లోని రూపాలన్నీ ఈ రెండు కొమ్మల నుంచి చిగిర్చినవే.

అయితే తొలినాటి క్రైస్తవులందరూ బైబిలు పేర్లే పెట్టుకున్నారని అనుకోకండి. పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయం తీసి చూడండి. ఫీబే, హెర్మే, నేరెయు. ఇవి గ్రీకు దేవతల పేర్లు, వాటి నుంచి వచ్చిన పేర్లు. బాప్తిస్మం పొందినా ఎవరూ పేరు మార్చుకోలేదు. 3వ శతాబ్దానికి కొంచెం గాలి మళ్లింది. అలెగ్జాండ్రియా బిషప్ డయొనీషియస్ ఒక మాట రాశాడు, దాన్ని చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. విశ్వాసుల పిల్లల్లో పౌలులు, పేతురులు చాలామంది ఉన్నారట, అలాగే యేసు శిష్యుడు, అపొస్తలుడైన యోహాను మీద ప్రేమ కొద్దీ చాలామంది ఆ పేరు పెట్టుకున్నారట. ఆ మాట రాసిన బిషప్ గారి పేరు మాత్రం గ్రీకుల ద్రాక్షాసవ దేవుడైన డయోనైసస్ నుంచి వచ్చింది. ఆయనా దాన్ని మార్చుకోలేదు.

4వ శతాబ్దం చివరికి వచ్చేసరికి ఈ విషయం మీద గట్టిగా మాట్లాడినవాడు ఒకడున్నాడు. ఆయన పేరూ యోహానే. బంగారు నోరు అని బిరుదు, గ్రీకులో క్రిసోస్తోమ్. అంతియొకయలో బోధకుడు, తర్వాత కాన్‌స్టాంటినోపుల్ ఆర్చిబిషప్. ఆయన తన సంఘంలో కనబడిన ఒక ఆచారాన్ని ప్రసంగంలో తప్పుపట్టాడు. బిడ్డకు పేరు పెట్టాలంటే ఇంట్లో దీపాలు వెలిగించి ఒక్కో దీపానికి ఒక్కో పేరు పెట్టేవాళ్లట. ఏ దీపం ఆఖరున కొండెక్కితే ఆ పేరు బిడ్డకు పెట్టేవాళ్లట, బిడ్డ అంతకాలం బతుకుతాడని. పరిశుద్ధుల పేర్లు వదిలి ఇదేమిటని ఆయన కోప్పడ్డాడు. తాత ముత్తాతల పేర్ల కోసం పాకులాడవద్దని, నీతిమంతుల పేర్లు పెట్టమని వేరే చోట్ల కూడా చెప్పాడు.

ఆయన కోపం న్యాయమే కావచ్చు. నాకైతే ఆ దీపాల చుట్టూ కూర్చున్న తల్లి భయం ముందు కనబడుతుంది. మన ఊళ్లలో పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఈసారి పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని, ఎంగిలి విస్తట్లో పడుకోబెట్టి పుల్లయ్య అని పేరు పెట్టలేదూ? అంతియొకయ తల్లికీ పల్నాటి తల్లికీ ఒకటే దిగులు. బిడ్డ బతకాలి. యోహాను అనే పేరు ఇంటింటికీ వెళ్లిందంటే ఆ దిగులుకు అది కూడా ఒక ఊరట అయింది కాబట్టే. బాప్తిస్మమిచ్చినవాడు, అపొస్తలుడు, ఇద్దరు పెద్దవాళ్లు ఆ పేరుతో బిడ్డకు కాపుగా ఉంటారన్న నమ్మకం.

రోముకు వద్దాం. 533లో మెర్కూరియస్ అనే గురువు పోపుగా ఎన్నికయ్యాడు. మెర్కురీ రోమన్ల దేవుడు. పేతురు పీఠం మీద ఆ పేరుతో కూర్చోవడం బాగుండదని ఆయన రెండో యోహాను అని పేరు మార్చుకున్నాడు. పోపు అయ్యాక పేరు మార్చుకోవడం ఆయనతోనే మొదలు. ఆ తర్వాత పోపుల్లో ఈ పేరు ఎన్నిసార్లు వచ్చిందంటే లెక్క కూడా తప్పింది. 20వ యోహాను అనే పోపు అసలు లేనే లేడు, వరసలో 19 తర్వాత 21 వచ్చింది. 1958లో ఒక ముసలి కార్డినల్ ఎన్నికై 23వ యోహాను అని పేరు పెట్టుకుంటూ కారణాలు చెప్పాడు. మా నాన్న పేరది, నేను జ్ఞానస్నానం పొందిన పల్లె గుడి పేరది, రోము బిషప్ ప్రధానాలయం లాతెరన్ పేరూ అదే అన్నాడు. చూడండి, ఎలీసబెతు చుట్టాలకు నచ్చే కారణం, క్రిసోస్తోమ్‌కు నచ్చే కారణం రెండూ ఆయన మాటలో ఉన్నాయి.

ఇప్పుడు ఇంగ్లండు. ఇక్కడ వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జాన్ అక్కణ్ణుంచే వచ్చాడు.

1066కు ముందు ఇంగ్లండులో ఎథెల్రెడ్, గాడ్విన్, ఎడ్వర్డ్ లాంటి సొంత పేర్లు ఉండేవి. సన్యాసుల్లో తప్ప యోహానులు అరుదు. ఆ ఏడు ఫ్రాన్సు తీరం నుంచి నార్మన్లు దండెత్తి రాజ్యం పట్టుకున్నారు. వాళ్లతో విలియం, రాబర్ట్, రిచర్డ్‌లు దిగారు. వాళ్లతోపాటే జెహాన్ కూడా దిగాడు. లాటిన్‌లో యకారంతో మొదలయ్యే ఈ పేరు ఆనాటి ఫ్రెంచిలో జకారం అయింది. ఇంగ్లీషువాళ్లు ఆ జకారాన్ని పట్టుకున్నారు. ఆ తర్వాత ఫ్రాన్సులోనే అది మెత్తబడి ఇప్పటి జాఁ అయిపోయింది గానీ ఇంగ్లండులో ఆ పాత గట్టి జకారమే నిలిచిపోయింది.

దీనికి సాక్ష్యం పక్కనే ఐర్లండులో ఉంది. అక్కడ ఒకే పేరుకు రెండు రూపాలు. ఓయిన్ ఒకటి, షాన్ ఒకటి. ఓయిన్ పాతది, నార్మన్లు రాకముందే లాటిన్ చదువుకున్న సన్యాసుల వెంట వచ్చింది, అందులో జకారం లేదు. షాన్ తర్వాతిది, నార్మన్ల జెహాన్ నుంచి వచ్చింది. ఐరిష్ నాలుకకు ఆ జకారం అలవాటు లేక షకారం చేసుకుంది. వేల్స్‌లోనూ అంతే, పాతది యెయాన్, కొత్తది షోన్. ఒక పేరు మఠం దారిన, ఒక పేరు సైన్యం దారిన. రెండూ ఇవాళ్టికీ బతికున్నాయి, ఒకే ఇంట్లో అన్నదమ్ములకు కూడా పెట్టుకోవచ్చు.

సిలువ యుద్ధాలు ఈ పేరుకు బాగా ఊపునిచ్చాయి. జెరూసలేంలో యాత్రికులకు ఆసుపత్రి నడిపిన యోధుల సంఘం యోహాను పేరు పెట్టుకుంది. 1204లో సిలువ యోధులు కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకున్నప్పుడు దొరికిన ఒక పుర్రె ఎముకను, బాప్తిస్మమిచ్చిన యోహానుదని చెప్పి, 1206లో ఫ్రాన్సులోని అమియెన్‌కు తెచ్చారు. అక్కడి పెద్ద గుడిలో అది ఇప్పటికీ ఉంది. 14వ శతాబ్దానికి ఇంగ్లండులో చాలాచోట్ల మగవాళ్లలో ముగ్గురు నలుగురికి ఒకడు జాన్. 1199 నుంచి 1216 దాకా ఏలిన జాన్ రాజు ప్రజల్ని పీడించి, చివరికి 1215లో మాగ్నా కార్టా మీద ముద్ర వేయాల్సి వచ్చిన సంగతి బళ్లో చదువుకున్నాం. ఆయన తర్వాత ఇంగ్లండు గద్దె మీద ఇంకో జాన్ కూర్చోలేదు. కానీ జనం మాత్రం రాజు చెడ్డవాడని పేరును వదల్లేదు. జనానికి ఆ పేరు గుడి నుంచి వచ్చింది, కోట నుంచి కాదు.

ఊరినిండా జాన్‌లే అయితే పిలవడం ఎలా? ముద్దుపేర్లు పుట్టాయి, జాక్ అందులోదే. ఇంటిపేర్లూ పుట్టాయి. జాన్సన్, జాక్సన్, వేల్స్‌లో జోన్స్, ఎవాన్స్. డెన్మార్క్‌లో హాన్సెన్, జెన్సెన్‌లని మనం చదివే పేర్లు, హాలండులో యాన్సెన్, రష్యాలో ఇవనోవ్, సెర్బియాలో యొవానొవిచ్, ఆర్మేనియాలో హొవ్హాన్నిస్యాన్. ఎక్కడో ఒక ముత్తాత యోహాను ఉంటేనే ఈ ఇంటిపేర్లు వస్తాయి. అమెరికాలో పేర్ల లెక్కలు 1880 నుంచి దొరుకుతున్నాయి. ఆ మొదటి ఏడు నుంచి 1923 దాకా మగపిల్లల పేర్లలో మొదటి స్థానం జాన్‌దే, 1924లో రాబర్ట్ దాన్ని దింపాడు. ఇంగ్లండులో జాన్ వెనకబడిపోయినా, 1990ల మధ్య నుంచి 2008 దాకా మగపిల్లల పేర్లలో మొదటిది జాక్. వీధి గుమ్మంలోంచి వెళ్లినవాడు పెరటి గుమ్మంలోంచి తిరిగొచ్చినట్టు.

ఆడపిల్లల రూపాల గురించి ఒక్క మాట. లూకా 8వ అధ్యాయంలో హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న ఉంది. యేసు వెంట నడిచి తన సొమ్ముతో సేవ చేసిన మనిషి. జోన్, జేన్, జానెట్, జొవాన్నా, ఇవానా అన్నీ ఆ యోహన్న చెల్లెళ్లే. 1431లో ఫ్రాన్సులో కాల్చి చంపిన 19 ఏళ్ల జోన్ ఆఫ్ ఆర్క్ కూడా.

తూర్పు దారి గురించి క్లుప్తంగా చెప్తాను. 988లో కీవ్ రాజు వ్లాదిమిర్ గ్రీకు సంఘంలో బాప్తిస్మం తీసుకున్నాక స్లావుల దేశాల్లోకి ఈ పేరు గ్రీకు రూపంలో వెళ్లింది. రష్యన్ గుళ్లో ఇయోఆన్ అని చదువుతారు, ఇంటికొస్తే ఇవాన్. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఇది పండగ పేరై కూర్చుంది. బాప్తిస్మమిచ్చిన యోహాను పుట్టినరోజు జూన్ 24. అది వేసవిలో పగలు బాగా పొడవుగా ఉండే రోజుల్లో వస్తుంది. క్రీస్తు పుట్టుకకు 6 నెలల ముందు యోహాను పుట్టాడని లూకా లెక్క కాబట్టి ఆ తేదీ. ఫిన్లండులో ఆ పండగను యుహన్నుస్ అంటారు, ఎస్తోనియాలో యాని రోజు అంటారు. లాత్వియాలో యానిస్ అనే పేరుగల ప్రతివాడికీ ఆ రోజు ఆకుల కిరీటం. పెద్ద మంటలు వేస్తారు, రాత్రంతా పాడతారు. సముద్రం అవతల 1493లో కొలంబస్ ఒక దీవికి బాప్తిస్మమిచ్చిన యోహాను పేరు పెట్టాడు, అదే నేటి ప్యూర్టో రికో. రాజధాని పేరు సాన్ హువాన్. ఆ దీవి రాజముద్ర మీద లాటిన్‌లో ఒక వాక్యం ఉంటుంది, అతని పేరు యోహాను అని. జెకర్యా మైనపు పలక మీద గీసిన వాక్యమే!

సంగీతం తెలిసినవాళ్లు ఈ సభలో ఉన్నారు కాబట్టి ఇంకొకటి. పాశ్చాత్యుల సరిగమలు డో, రే, మీ, ఫా, సోల్, లా, సీ కదా. 11వ శతాబ్దంలో ఇటలీ సన్యాసి గ్విడో ఒక లాటిన్ కీర్తనలో చరణాల మొదటి అక్షరాలు తీసి స్వరాలకు పేర్లు పెట్టాడు, ఇప్పటి డో అప్పట్లో ఉత్. ఆ కీర్తన బాప్తిస్మమిచ్చిన యోహాను మీదిది. చివర్లో చేరిన సీ అనే స్వరం ఆ కీర్తనలోని పునీత యోహానూ అనే పిలుపు, సాంక్తే యోహాన్నెస్, ఆ రెండు మాటల తొలి అక్షరాలు కలిపితే వచ్చింది. పియానో ముందు కూర్చుని ఆ ఏడో స్వరం మీట నొక్కిన ప్రతివాడూ తెలియకుండానే ఆయన్ను పిలుస్తున్నాడు.

అరబ్బుల దగ్గర ఈ పేరు రెండుగా చీలింది. అరబ్బు క్రైస్తవులు యుహన్నా, హన్నా అంటారు. ముస్లింలు యహ్యా అంటారు. ఖురాన్ 19వ సూరాలో జకరియ్యాకు యహ్యా అనే కొడుకు పుడతాడని, ఇంతకుముందు ఆ పేరుతో ఎవర్నీ చేయలేదని దేవుడు చెబుతాడు. ఎలీసబెతు చుట్టాలు మీలో ఎవరికీ ఈ పేరు లేదే అన్న మాట పక్కన దీన్ని పెట్టి చదివితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో యహ్యా తల ఉందని నమ్మే కట్టడం ఒకటుంది, ముస్లింలూ క్రైస్తవులూ ఇద్దరూ అక్కడ మొక్కుతారు. 2001లో రెండో జాన్ పాల్ పోపు ఆ మసీదులో అడుగుపెట్టింది ఆ గుమ్మం దగ్గరికే. మన ఊళ్లలో యహ్యా ఖాన్, యోహాను ఒకే బడిలో చదివితే, వాళ్లిద్దరిదీ ఒకే ప్రవక్త పేరని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

ఇక మన దేశం. కేరళకు సిరియా సంఘం దారిన సిరియాక్ రూపం వచ్చింది. యోహన్నాన్, దాన్ని మలయాళీల నాలుక ఉలహన్నాన్ చేసుకుంది. తమిళ కథోలికులు ఇంకో పని చేశారు. పేరును పలకడం మానేసి అర్థాన్నే తెచ్చుకున్నారు. యోహాను అంటే దేవుని కృప కదా, తమిళంలో కృపను అరుళ్ అంటారు, కాబట్టి పునీత యోహాను అరుళప్పర్ అయ్యాడు. పోర్చుగల్ నుంచి వచ్చి 1693లో తమిళనాట మరవ దేశంలో ప్రాణాలర్పించిన జువాన్ ద బ్రిట్టోను అరుళానందర్ అని పిలుచుకున్నారు. ఆ తమిళ సంప్రదాయమే 18వ శతాబ్దపు ఫ్రెంచి ఫాదర్ల వెంట పుంగనూరు, కృష్ణాపురం వైపు వచ్చింది. అందుకే మన కథోలికుల ఇళ్లలో పేతురు రాయప్ప అయ్యాడు, పౌలు చిన్నప్ప అయ్యాడు, జేవియర్ శౌరి అయ్యాడు. 1970ల నుంచి దాదాపు 3 దశాబ్దాలు హైదరాబాద్ ఆర్చిబిషప్‌గా ఉన్న సామినేని అరుళప్ప గారి పేరు కూడా జాన్ అన్నట్టే లెక్క. రాయప్ప, శౌరయ్య, ఇన్నాసి లాంటి పేర్లు వింటే నాకు ముచ్చటేస్తుంది. మన మట్టిలో మొలిచినట్టుంటాయి.

కోస్తాలో ప్రొటెస్టెంటుల కథ వేరు. 1842లో గుంటూరులో దిగిన హయ్యర్ అయ్యగారు జర్మనీలో యోహాన్‌గా పుట్టి, అమెరికా వెళ్లి జాన్ అయి మన దగ్గరికి వచ్చారు. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొర కూడా జానే, జాన్ ఎవరెట్ క్లౌ. ఇంతమంది జాన్‌లు వచ్చి బోధిస్తే మొదటి విశ్వాసులందరూ జాన్‌లు అయిపోయి ఉంటారనుకుంటాం. కాలేదు. ఒంగోలు మిషన్‌కు పునాది వేసిన మాదిగ భక్తుడు ఎర్రగుంట్ల పేరయ్య. చివరిదాకా పేరయ్యగానే ఉన్నాడు. ఆయనతో పనిచేసిన బోధకులు కనకయ్య, రంగయ్య. 1878 జూలై 3న, కరువు వెళ్లిన వెంటనే, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆ నీళ్లలో మునిగినవాళ్లు ఈ అయ్యలూ అమ్మలే. బైబిలు పేర్లు ప్రధానంగా వాళ్ల పిల్లలకు, మనవలకు వచ్చాయి. 1895లో వినుకొండలో వీరయ్య, లింగమ్మ దంపతులకు పుట్టిన బిడ్డ జాషువా. మన మహాకవి. ఆ ఒక్క ఇంట్లోనే మార్పు మొత్తం కనబడుతుంది. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ, కొడుకు జాషువా.

మన తెలుగు బైబిలు ఇంగ్లీషు పలుకుబడిని పట్టుకోలేదు. మూలభాషలకు దగ్గరగా పేతురు, పౌలు, యాకోబు, యోహాను అంది. ఇంగ్లీషులో జేమ్స్ అయినవాడు మనకు యాకోబే. అందువల్ల మన దగ్గర కూడా ఐర్లండులో లాగా రెండు దారులున్నాయి. యోహాను పుస్తకం దారిన, బైబిలు చదివే మేనత్త నోటి వెంట వచ్చాడు. జాన్ దొరల దారిన, మిషన్ బడి హాజరుపట్టీ వెంట వచ్చాడు. గుంటూరు వీధిలో ఒక తల్లి జాన్‌బాబూ అని కేకేస్తే ఆ జకారం నార్మన్ సిపాయిల నోటిది. యోహానూ అని కేకేస్తే ఆ హకారం జెరూసలేం రాతిపెట్టె మీదిది. మెదకు వైపు వెస్లియన్ మిషన్ ఉన్న ఊళ్లలో ఆ సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ పేరు, ఇంటిపేరు రెండూ కలిపి బిడ్డకు పెట్టుకున్నారు. పక్కన రాజు, రత్నం, ప్రకాశరావు చేరి జాన్ మనవాడైపోయాడు. హిందీ సినిమాల్లో అందర్నీ నవ్వించే జానీ లీవర్ అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల, ప్రకాశం జిల్లా కుటుంబం. బొంబాయిలో హిందుస్తాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ తోటివాళ్లను నవ్వించి ఆ కంపెనీ పేరే తగిలించుకున్నాడు.

ఒక సంగతి చెప్పకుండా దిగిపోతే నాకు తప్పవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రెండు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులను బీసీ–సీ కింద 1 శాతం రిజర్వేషన్‌లో పెట్టారు. దాని ఫలితం పేర్ల మీద పడింది. గుడిలో యోహాను, బడిలో ఇంకో పేరు. భార్య పిలిచేది ఒకటి, జీతం రాళ్లు పడేది ఇంకోదాని మీద. తన పేరు తాను గట్టిగా చెప్పుకోవడానికి మనిషి ముందూ వెనకా చూసుకోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. కులం పోలేదు, ఊరిబయటి ఇల్లు మారలేదు, మతం మారినంత మాత్రాన హోదా పోవడం ఏ న్యాయమో నాకు బోధపడదు.

చివరిగా ఒక మనవి. మీ గుడి బీరువాల్లో పాత బాప్తిస్మ రిజిస్టర్లు, జ్ఞానస్నాన పుస్తకాలు ఉంటాయి. సిరా వెలిసిపోతోంది, చెదలు పడుతున్నాయి. వాటిలో ఒక్కో వరసలో బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు ఉంటాయి. ఏ సంవత్సరంలో ఏ ఊళ్లో పేరయ్య కొడుకు యోహాను అయ్యాడో, ఆ యోహాను కొడుకు ఎప్పుడు జాన్ అయ్యాడో చెప్పే కాగితం అదొక్కటే. పాస్టరు గారిని, ఫాదర్ గారిని అడిగి పేజీ పేజీకి ఫొటో తీయండి. ముందు 1900కు పూర్వపు పుస్తకాలు తీయండి, అవి ఎక్కువ కాలం ఆగవు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.